నల్లతలా, గోధుమతలా?

ఆయన జూన్ నెలలో పోయారు. ఢిల్లీలో ఒక్క సముద్రపు కాకి కూడా ఉండని నెల అది. వాళ్ళమ్మాయి వాట్సాప్‌లో పెట్టిన కబురు చూసి ఆర్.కె. పురం క్వార్టర్స్‌కి వెళ్ళాను. వచ్చినవాళ్ళలో ఎవరో, పక్షుల పిచ్చి ఉన్న మనిషి కదా అని, "పక్షిలా ఎగిరిపోయారండీ" అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడితే లేచి కూర్చుని "ఏ పక్షండీ?" అని అడిగేవారనిపించి, ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. తల వంచుకుని చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నావిడ ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. నిజానికి ఆవిడ నిమిరాకే ఏడుపొచ్చింది.

మొన్న డిసెంబర్‌లో మెట్రో ఓఖ్లా దగ్గర యమున దాటుతుంటే, నురగ తేలుతున్న నీళ్ళమీద తెల్లగా ఓ గుంపు కనిపించింది. పెట్టెలో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. నేనొక్కదాన్నే అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ నిలబడ్డాను. నా స్టేషన్ దాటిపోయింది. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళి, కారణం అడిగిన మేనేజర్‌కి ఏం చెప్పాలో తెలియక "ట్రాఫిక్" అన్నాను. మెట్రోలో ట్రాఫిక్ ఏమిటని ఆయన అడగలేదు. ఈ నాలుగు ముక్కలు రాయాలని అప్పుడే అనిపించింది.

ఆయన్ని నేను మొదట చూసింది కశ్మీరీ గేట్ అవతలి యమునా ఘాట్‌లో. నాకు నోయిడా ఆఫీసుకి బదిలీ అయిన ఏడాది అది. ఊళ్ళో ఎవరూ తెలియరు, ఆదివారం వస్తే ఏం చేయాలో తోచదు. చలికాలంలో కరీంనగర్ నుంచి మా అమ్మ వచ్చింది. ఎర్రకోట చూపిస్తే "గింతేనా" అంది. కుతుబ్ మినార్ చూపిస్తే మెడ నొప్పి అంది. ఆఫీసులో ఎవరో చెబితే, పొగమంచులో తెల్లవారకముందే లేచి యమునకి తీసుకెళ్ళాను. పడవలో మాతోపాటు ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. పడవవాడు పొట్లంలోంచి సేవ్, అదే మన సన్నకారప్పూస, తీసి గాల్లోకి విసురుతూ "ఆవ్, ఆవ్, ఆవ్" అని అరవగానే ఎక్కణ్ణుంచో వందల తెల్లపక్షులు మీదికి వచ్చిపడ్డాయి. ఎర్రముక్కులు, ఎర్రకాళ్ళు, ఒకటే గోల. అమ్మ మొదటిసారి ఢిల్లీని మెచ్చుకుంది.

"గివేం పిట్టలే బిడ్డా?"

నేను పడవవాడు చెప్పిందే చెప్పాను. "సైబీరియా నుంచి వచ్చినయట అమ్మా."

"సగమేనండీ," అంది వెనకనుంచి ఓ గొంతు, తెలుగులో.

తిరిగి చూస్తే, పడవ చివర మంకీ క్యాప్‌లోంచి ఓ జత కళ్ళద్దాలు, ఓ ముక్కు మాత్రం కనిపించాయి. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన బైనాక్యులర్, దానిమీద స్టీలు ఫ్లాస్కు.

"సగమే సైబీరియా వైపునుంచండీ. మిగతా సగం లద్దాఖు, టిబెట్టు. ఇవి రెండు రకాలు కదండీ. కన్ను చూశారా?"

"ఎవరి కన్ను?" అన్నాను.

"పక్షిదండీ."

"గది ఒక్కకాడ ఆగితె గద కన్ను చూసుడు," అంది అమ్మ.

ఆయనకా జవాబు బాగా నచ్చింది. జరిగి జరిగి మా బల్లమీదికి వచ్చి కూర్చుని పాఠం మొదలుపెట్టారు. వీటిలో ఒకటి నల్లతల కాకి, ఒకటి గోధుమతల కాకి. పేర్లు చూసి మోసపోకూడదు. నల్లతల కాకి తల నల్లగా ఉండదు, ఎండాకాలంలో కాఫీ రంగులో ఉంటుంది. గోధుమతల కాకిదీ దాదాపు అదే రంగు, కాస్త వెలిసినట్టు ఉంటుంది. పోనీ ఆ తేడా చూద్దామంటే చలికాలంలో రెండూ ఆ రంగు వదిలేసి తెల్లతలలతో తిరుగుతాయి. చెవి దగ్గర మాత్రం మసిబొట్టు పెట్టినట్టు ఓ మచ్చ మిగులుతుంది. అంటే మన ఊరికి వచ్చేసరికి నల్లతలకి నల్లతల లేదు, గోధుమతలకి గోధుమతల లేదు.

"మరి గా పేర్లెందుకు పెట్టిన్రు?" అని అమ్మ అడిగింది.

"నేనూ ప్రభుత్వంలోనే పనిచేశానండీ," అన్నారాయన. "పేర్లు ఎందుకు పెడతారో మనం అడక్కూడదు."

కాబట్టి కన్ను చూడాలి. గోధుమతలకి కంటిపాప చుట్టూ తెల్లగా ఉంటుంది, అందుకని కోపంగా చూస్తున్నట్టుంటుంది. నల్లతలకి కన్నంతా నల్లటి పూసలా ఉంటుంది, అమాయకంగా కనిపిస్తుంది. ఇంకో పావుగంటకి అమ్మ పడవలో లేచి నిలబడి, "తెల్లగున్నది! పిల్లికన్ను లెక్క!" అని అరిచింది. పడవ ఊగింది. ఆయన చప్పట్లు కొట్టారు.

"మీ అమ్మగారు పాసయ్యారండీ," అన్నారు నాతో. "మీరు వచ్చే ఆదివారం మళ్ళీ రండి."

బళ్ళో కూడా నాకు ఎవరూ అంత సూటిగా ఫెయిలయ్యావని చెప్పలేదు. వచ్చే ఆదివారం వెళ్ళాను. ఆ తరవాత అయిదు చలికాలాలు వెళుతూనే ఉన్నాను.

ఆయనది కాకినాడ. కేంద్ర ప్రభుత్వంలో ఏదో మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయి, ఆఫీసరైన కూతురి క్వార్టర్లో ఉండేవారు. సముద్రం పక్కన పుట్టి పెరిగినన్నాళ్ళూ ఒక్క సముద్రపు కాకినీ తలెత్తి చూడలేదట. "అక్కడ చేపల గంప మీద వాలితే కర్రతో తోలేవాళ్ళమమ్మా. ఎవరి కళ్ళెలా ఉన్నాయో ఎవడు చూశాడు!" సముద్రం కనుచూపుమేర లేని ఊళ్ళో, ఉద్యోగం అయిపోయాక, అవి ఆయన్ని పట్టుకున్నాయి. ఎవరైనా ఎదురు చెబితే మాత్రం కాకినాడే అడ్డుపెట్టేవారు. "పేరులోనే కాకి ఉన్న ఊరండీ మాది. నాకు చెబుతారా?"

ఆయన కూతుర్ని నేను అక్కా అంటాను. ఓసారి వంటింట్లోంచి అక్క నవ్వుతూ చెప్పింది. "నాన్నకి ఇంట్లో ఉప్పు డబ్బా ఏదో, పంచదార డబ్బా ఏదో ఇప్పటికీ తెలీదు. నిన్న టీలో ఉప్పేసుకున్నారు. ఎక్కడో నీళ్ళమీద తిరిగే పిట్టకి కన్ను తెల్లగా ఉందో లేదో మాత్రం తెలుసు."

"తెల్లగా ఉండేవి రెండూ ఒకేలాంటి డబ్బాల్లో పెడితే ఎవరికి తెలుస్తుందండీ?" అన్నారాయన హాల్లోంచి. కూతుర్ని కూడా కోపమొస్తే 'అండీ' అనేవారు.

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది "తిరగనివ్వండి". పక్షి దూరంగా ఎగురుతుంటే మేము ఆత్రంగా "నల్లతల! కాదు, గోధుమతల!" అని కేకలు పెట్టేవాళ్ళం. ఆయన చెయ్యెత్తి "తిరగనివ్వండి" అనేవారు. పక్షి మలుపు తిరిగితే రెక్క విప్పుకుంటుంది. నల్లతలకి రెక్క ముందంచున పొడుగ్గా తెల్లటి చార ఉంటుంది. గోధుమతలకి రెక్క చివర బాగా నలుపు, ఆ నలుపులో అద్దాలు కుట్టినట్టు తెల్లని చుక్కలు. కానీ రెక్క చూడ్డం ఆయనకి ఊరికే సరదా. తీర్పు మాత్రం కంటిదే. "రెక్క సాక్షి అమ్మా. కన్ను జడ్జి," అనేవారు.

పక్షులకి సేవ్ వేయడమంటే ఆయనకి మహా కోపం. ఉప్పు, నూనె, మసాలా. "లద్దాఖ్ నుంచి ఎగిరొచ్చిన వాటికి బీపీ తెప్పిస్తున్నారు" అని పడవలో ప్రతివాళ్ళకీ చెప్పేవారు. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోడానికి వచ్చిన జంటల్ని కూడా వదిలేవారు కాదు. ఓ పెళ్ళికూతురు బరువైన లెహెంగాలో, చలికి వణుకుతూ, చేతినిండా సేవ్ పట్టుకుని కెమెరా కేసి నవ్వుతుంటే, పక్క పడవలోంచి "బేటీ, మత్ డాలో! ఆంఖ్ దేఖో, ఆంఖ్!" అన్నారు. వెయ్యకు, కన్ను చూడు అని. ఆ పిల్ల పెళ్ళికొడుకు కళ్ళలోకి చూడమంటున్నారనుకుని సిగ్గుపడి అటు తిరిగింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చిందని ఫోటోగ్రాఫర్ ఆయనకి థాంక్స్ చెప్పాడు.

అలాంటి మనిషిని ఓ పొద్దున నేను కొంచెం ముందుగా వెళ్ళి పట్టుకున్నాను. మెట్ల చివర ఒక్కరే నిలబడి, స్వెటర్ జేబులోంచి ఏవో తీసి తుంచి విసురుతున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే జంతికలు. అక్క చేసినవి.

"అంకుల్!" అన్నాను.

ఉలిక్కిపడ్డారు. చెయ్యి వెనక్కి వెళ్ళింది. "పరిశీలన కోసమమ్మా," అన్నారు. "ఏ రకం ముందు వస్తుందో చూద్దామని."

"ఏది ముందొచ్చింది?"

"అది... ఇంకా తేలలేదు," అని, చేతిలో మిగిలిన జంతిక ముక్క నా చేతిలో పెట్టారు. నేనూ పరిశీలన చేశాను.

మూడో చలికాలంలో నేనో కెమెరా కొన్నాను. ఫిబ్రవరిలో ఓ ఆదివారం, పడవ అంచునుంచి బారెడు దూరంలో ఓ పక్షి తేలుతుంటే వరసగా పది ఫోటోలు తీశాను. కిందటి ఎండాకాలంలో పుట్టిన పిల్లది. రెక్కలమీద ఇంకా మట్టిరంగు మరకలు, కాళ్ళు ఎర్రగా కాక నారింజరంగులో ఉన్నాయి. కన్ను నల్లగా ఉంది. "నల్లతల" అని ఆయన డైరీలో రాసేసుకున్నారు. అంతలో అది లేచి, మలుపు తిరిగి, రెక్క విప్పింది. నేను ఆ ఫోటో కూడా తీసి, తెరమీద పెద్దది చేసి చూపించాను, ఎంత బాగా వచ్చిందో చూడమని.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చూశారు. కిందికి లాగి చూశారు. రెక్క చివరంతా వెడల్పుగా నలుపు. ముందంచున ఉండాల్సిన పొడుగు తెల్లచార లేదు. ముక్కు కూడా కాస్త మొద్దుగా ఉంది.

"ఇది గోధుమతల రెక్క కదా అంకుల్?" అన్నాను. "కన్నేమో నల్లగుంది."

ఆయన డైరీ తెరిచి, రాసింది చూసుకుని, మూసేశారు. పడవ ఒడ్డుకి చేరేదాకా ఫ్లాస్కులో టీ తాగడం కూడా మరిచిపోయారు.

మర్నాడు ఆఫీసులో ఉండగా ఫోన్ చేశారు. సాయంత్రం ఒకసారి రాగలవా అన్నారు. వెళ్ళేసరికి బల్లమీద ఆయన పక్షుల పుస్తకం తెరిచి ఉంది. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టుకున్న పుస్తకం. గోధుమతల కాకి పేజీలో 'కన్ను తెల్లగా ఉంటుంది' అన్న వాక్యం కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళ కిందటి గీతలు, వెలిసిపోయాయి. ఆయన వేలు పెట్టి ఆ తరవాతి వాక్యం చూపించారు. చిన్నవాటికి మాత్రం కన్ను నల్లగానే ఉంటుందని, పెరిగాకే తెల్లబడుతుందని అందులో ఉంది.

"పక్క వాక్యమేనమ్మా," అన్నారు. "గీత గీసి, పుస్తకం మూసేశాను. పద్నాలుగేళ్ళు."

నేను నవ్వబోయి ఆగాను. ఆయన మొహం చూస్తే ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసినట్టుంది.

"పోనీలే అంకుల్. ఎవరికి తెలుస్తది?"

"ఎంతమందికి చెప్పానో తెలుసా? మీ అమ్మగారికి చెప్పలేదూ?" అని, అప్పటికే రాసి పెట్టుకున్న కాగితం తీశారు. కన్ను సూత్రం ఎవరెవరికి నేర్పారో ఆ పేర్లన్నీ వరసగా ఉన్నాయి. "ఆర్డరులో తప్పు పోతే ఏం చేస్తామమ్మా? కారిజెండమ్ వేస్తాం. తప్పు ఎక్కడెక్కడికి వెళ్ళిందో, దిద్దుబాటు కూడా అక్కడికల్లా వెళ్ళాలి."

అలా మొదలయింది ఆయన దిద్దుబాటు యాత్ర. మొదట మా అమ్మకి ఫోన్. "మీరు చూసిన తెల్లకన్ను కరెక్టేనండీ, మీ పాసు అలాగే ఉంటుంది" అని ముందు హామీ ఇచ్చి, ఆ తరవాత విషయం చెప్పారు. ఫోన్ పెట్టేశాక అమ్మ నాకు చేసి, "పాపం, పెద్దమనిషికి ఏమన్న అయిందా బిడ్డా?" అని అడిగింది.

తరవాత పడవవాడు. ఆయన హిందీలో అంతా వివరించాక అతను తెడ్డు ఆపి, మర్యాదగా విని, "అంకుల్‌జీ, హమ్ తో సబ్‌కో సైబీరియా హీ బోల్తే హై" అన్నాడు. నేను అందరికీ సైబీరియా అనే చెబుతాను, నాకేం ఇబ్బంది లేదు అని. ఆ దిద్దుబాటు అక్కడ ఎలా జమ చేసుకోవాలో ఆయనకి తెలియలేదు.

ధౌలా కువాన్ దగ్గర ఓ కాలేజీలో ఆయన ఎప్పుడో పిల్లలకి పక్షుల గురించి మాట్లాడారట. అక్కడికి నన్నూ లాక్కెళ్ళారు. ఆయన్ని పిలిచిన టీచరు ఎప్పుడో మారిపోయింది. ఆనాటి పిల్లలు చదువులు ముగించుకుని వెళ్ళిపోయారు. అయినా పట్టు వదలక, ఉన్న టీచరుని బతిమాలి, ఓ క్లాసులో పది నిమిషాలు తీసుకున్నారు. తీరా మొదలుపెడితే ఓ అమ్మాయి లేచి, "సర్, మాకు పాతది కూడా తెలీదు కదా" అంది. అందుకని ఆయన ముందు ఆ తప్పుని శ్రద్ధగా నేర్పారు. అందరికీ బాగా ఎక్కిందని రూఢి చేసుకుని, అప్పుడు అది తప్పని చెప్పారు. బయటికి వస్తుంటే వెనక బెంచీలో ఓ అబ్బాయి పక్కవాణ్ణి అడగడం నాకు వినిపించింది. "ఇంతకీ కన్ను నలుపా, తెలుపా?"

చివరికి కాగితంలో ఒక్క పేరు మిగిలింది. దానిమీదికి ఆయన వేలు వెళ్ళేది కాదు. నెల గడిచింది. పక్షుల తలలకి మళ్ళీ రంగు రావడం మొదలయింది, ఇంకొన్ని వారాల్లో వెళ్ళిపోతాయి.

"ఇదెవరు అంకుల్?" అని నేనే అడిగాను.

అనంతపురం మనిషి. ఎయిర్‌ఫోర్స్‌లో వారెంట్ ఆఫీసరుగా రిటైరై పాలంలో స్థిరపడ్డారు. ఒకప్పుడు ఇద్దరూ కలిసే పక్షుల్ని చూసేవారట. ఆరేళ్ళ కిందట, ఓఖ్లా బ్యారేజీ దగ్గర పదిమంది ఉండగా, ఆయనో పక్షిని చూపించి "ఇది గోధుమతల పిల్ల" అన్నారు. మా అంకుల్ కన్ను చూసి, నల్లగా ఉండడంతో, "ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు చూశారు గానీ పక్షుల్ని చూడ్డం నేర్పలేదండీ వీరికి!" అన్నారు. అందరూ నవ్వారు. ఆ తరవాత వారెంట్ ఆఫీసర్ గారు రావడం మానేశారు. మాటల్లేవు.

"ఆరోజు ఆయనదే కరెక్టమ్మా," అన్నారు అంకుల్. "పిల్లదే అది."

మెజెంటా లైన్‌లో ఆర్.కె. పురం నుంచి పాలం ఆరు స్టేషన్లు. ఆరేళ్ళ అలకకి ఆరు స్టేషన్ల దూరం. ఆ ఆరు స్టేషన్లూ ఆయన ఓ కాగితం మీద రాసుకున్నది పెదవులు కదుపుతూ చదువుకుంటూనే ఉన్నారు. వైవాకి వెళుతున్న కుర్రాడిలా ఉన్నారు.

తలుపు తీసింది వారెంట్ ఆఫీసర్ గారి భార్య. ఓ క్షణం చూసి, "అన్నా! రా, రా" అని లోపలికి పిలిచింది. వారెంట్ ఆఫీసర్ గారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. తెల్లమీసం. లేవలేదు, పొమ్మనలేదు. అంకుల్ కూర్చోకుండానే కాగితం విప్పారు.

"ఆరేళ్ళ కిందట ఓఖ్లా బ్యారేజీ దగ్గర మీరు గోధుమతల పిల్ల అన్న పక్షి, గోధుమతల పిల్లేనండీ. నేను నల్లతల అన్నాను. తప్పు నాది. అదిగాక పదిమంది ముందు మిమ్మల్ని..."

అప్పుడే ఇంటిమీదుగా విమానం దిగింది. విమానాశ్రయం పక్కనే కాబట్టి, ఆ చప్పుడు తగ్గేదాకా ఎవరూ మాట్లాడరక్కడ. అంకుల్ కాగితం పట్టుకుని నిలబడ్డారు. వారెంట్ ఆఫీసర్ గారు కిటికీ వైపు చూడకుండానే, "రెండింజన్లది, కొత్తది" అన్నారు తనలో తాను. చప్పుడు పోయింది.

"మిమ్మల్ని నవ్వులపాలు చేశాను. అది ఇంకా పెద్ద తప్పు," అని అంకుల్ ముగించారు.

వారెంట్ ఆఫీసర్ గారు ఆయన్ని తేరిపార చూశారు. "ఏ పక్షి సామీ?"

"అదేంటండీ! బ్యారేజీకి ఎడంపక్క... రెక్కలో ఓ ఈక ఊడి ఉంది... మీరే చూపించారు కదండీ!"

"వాదులాడుకుంటిమని తెలుసు గానీ, ఏ పక్షో నాకు జ్ఞాపకం ల్యా."

అంకుల్ ఓసారి కాగితం చూసుకున్నారు. "మరి ఆరేళ్ళుగా ఎందుకు మాట్లాడలేదండీ?"

వారెంట్ ఆఫీసర్ గారు భార్య వైపు చూశారు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ నెలలోనే ఈమెకు గుండె ఆపరేషన్ అయ్యె. పిల్లోళ్ళు రావల్లంటే ఇంగా టైముండె. ఆపరేషన్ గది బయట ఒక్కన్నే కూర్చోని ఉంటి. నీకు మూడుతూర్లు ఫోన్ చేస్తి. నువ్వు ఎత్తల్యా."

అంకుల్ కాగితం దించారు. "నేను... మీరు ఆ పక్షి గురించి పోట్లాడ్డానికి చేస్తున్నారనుకున్నానండీ."

"పోట్లాడేకి కాదు సామీ. నువ్వు చెప్పిందే రైటు అని చెబుదామనుకుంటి. ఊరికే. అట్ల చెప్తే నువ్వు సంతోషపడి గంటసేపు మాట్లాడతావు కదా. ఆ గంట గడిస్తే చాలనుకుంటి."

ఇంకో విమానం వచ్చింది. ఈసారి వారెంట్ ఆఫీసర్ గారు అదేమిటో చెప్పలేదు. అంకుల్ మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. కాగితం మడిచారు, మళ్ళీ మడిచారు, ఇక మడవడానికి వీల్లేనంత చిన్నది చేశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే చూడలేక నేను గోడమీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

"ఇప్పుడు నేను బాగుండా కదన్నా," అంది ఆవిడ గుమ్మంలోంచి. "ఏడ్చేది ఏముంది? ఉగ్గాని చేసినా, తింటావా?"

అంకుల్ తలూపారు. ఆవిడ పెట్టినంతా తిన్నారు. ఉగ్గానిలోని మరమరాలు ఆయనకి పడవని, ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద గొడవయిందని అక్క తరవాత చెప్పింది. తింటూ, "ఏ ఆస్పత్రమ్మా? ఎన్నిరోజులు ఉంచారు? కుట్లు ఎప్పుడు విప్పారు?" అని ఒక్కొక్కటే అడిగారు. ఆవిడ చెప్పింది. అడగని వాటికి కూడా జవాబు చెప్పింది. పక్కింటి నీళ్ళట్యాంకు మీద గద్ద ఒకటి వాలి చాలాసేపు కూర్చుంది. నేను చూశాను. ఆయన ఆ వైపు తిరగనైనా తిరగలేదు. ఆయన్ని ఎరిగిన ఇన్నేళ్ళలో అలా జరగడం అదొక్కసారే.

బయల్దేరుతుంటే వారెంట్ ఆఫీసర్ గారు మెట్లదాకా వచ్చారు. "ఇంగా ఉండాయా నీ కాకులు?" అన్నారు.

"ఇంకో రెండు వారాలు ఉంటాయండీ."

"సరే చూద్దాం" అన్నారు, వస్తాననీ రాననీ కాకుండా.

మరుసటి ఆదివారం పొద్దున్నే ఘాట్ మెట్లమీద మాకంటే ముందు వచ్చి నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చేసిన కోటు, మెరుస్తున్న బూట్లు. పడవలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చాలాసేపు ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడారు, అదీ పొడిపొడిగా. పక్షుల్లో చాలావాటికి తలలు రంగెక్కిపోయాయి. పడవ నది మధ్యకి వచ్చాక, గుంపులోంచి ఓ పిల్లది విడివడి వచ్చి మా పక్కనే నీళ్ళమీద వాలింది. మొద్దుముక్కు, నల్లకన్ను. ఒకసారి లేచి, రెక్క విప్పి, సరిచేసుకుని మళ్ళీ కూర్చుంది. వెడల్పాటి నలుపు, తెల్లచార లేదు. గోధుమతల అని నాకే తెలిసిపోయింది, ఇక వాళ్ళిద్దరి సంగతి చెప్పాలా?

వారెంట్ ఆఫీసర్ గారు మీసం దువ్వుకున్నారు. "నల్లతల," అన్నారు, పడవంతా వినపడేలా.

నేను అంకుల్ వైపు చూశాను. చూపుడువేలు అప్పటికే లేచింది. నోరు తెరుచుకుంది. ఒక తప్పు దిద్దడానికి ఊరంతా తిరిగిన మనిషి ఆయన. వేలు కాసేపు గాల్లో అలాగే ఉండి, కిందికి దిగి, ఫ్లాస్కు మూత పట్టుకుంది. బైనాక్యులర్ అద్దాలు తువ్వాలుతో తుడిచారు. శుభ్రంగానే ఉన్నా మళ్ళీ తుడిచారు.

"మీరన్నారంటే అదేనండీ," అన్నారు.

వారెంట్ ఆఫీసర్ గారు గబుక్కున నీళ్ళవైపు తిరిగిపోయారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారో ఏమో, నాకు వీపే కనిపించింది.

ఒడ్డుకి చేరాక ఆయన మెట్లెక్కి, ముగ్గురికీ టీ తెస్తానని కొట్టు దగ్గరికి వెళ్ళారు. అలా వెళ్ళారో లేదో అంకుల్ నా స్వెటర్ చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. ఊపిరి బిగబట్టుకుని అంతసేపూ నీళ్ళకింద ఉన్నవాడు పైకి తేలినట్టుంది ఆయన మొహం.

"అది గోధుమతలేనమ్మా! ఏదో ఆయన అన్నారని ఊరుకున్నాను. నువ్వు మాత్రం తప్పు రాసుకోకు."

"రాసుకోను అంకుల్."

మూడు గ్లాసులు రెండు చేతుల్లో ఇరికించుకుని, ఒలికిపోకుండా ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగి వస్తున్నారు వారెంట్ ఆఫీసర్ గారు. ఆయన్ని చూసి అంకుల్ గొంతు ఇంకా తగ్గించారు.

"ఆయనకి చెప్పకేం. బాధపడతారు."